మూడంగళ్లకు కోడిపిల్లలు, నాలుగంగళ్లకు బాతుపిల్లలు

దేవరకొండ, కల్వకుర్తి దిక్కు పల్లెల్లో కోడిని పొదగేసిన తారీఖు ఎవరూ రాసిపెట్టుకునేవాళ్లు కాదు. అంగడి నాటి సాయంత్రం గుడ్లు పెట్టేవాళ్లు, లెక్క దానంతటదే నడిచేది. అంగడి వారానికోసారి కాబట్టి మూడో అంగడి వచ్చేసరికి సరిగ్గా 21 రోజులు, కోడిపిల్లలు. బాతు గుడ్లయితే నాలుగో అంగడి, 28 రోజులు.

"వదినె, మీ నల్లపెట్ట లేచిందా?"

"యాడిది అక్కా, ఇంకో అంగడి పోవాలె."

పొద్దుగూకే యాళ్లకు అరుగుల మీద నడిచే ముచ్చట్లలో సగం ఇవే. చేన్ల నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, పొయ్యి ముట్టించేలోపు దొరికే ఆ అరగంటలో ఒకరు గంప కింది పిల్లల్ని లెక్కపెడుతుంటే ఇంకొకరు గోడ మీంచి తొంగిచూసి సలహా చెప్పేవాళ్లు. పశువుల డాక్టరును ఎడ్లకు, బర్లకు పిలుస్తారు గానీ కోడి కోసం ఎవరు పిలుస్తారు? కోడి వైద్యం, కోడి వంశం, కోడి పంచాయితీ అన్నీ అరుగు మీదనే తేలేవి. ఆ మాటల్లో చాలావరకు ఇప్పటికీ నిలబడతాయి. నిలబడనివి కూడా ఉన్నాయి. పెరట్లో నాలుగు కోళ్లు వేసుకుందామని అనుకునేవాళ్లు మళ్లీ పెరుగుతున్నారు కాబట్టి గట్టి మాటేదో, తాలు మాటేదో విడదీసి చూస్తే పనికొస్తుంది.

పొదగేసే ముచ్చట గుడ్లు ఏరడం నుంచే మొదలయ్యేది. పెట్ట గుడ్లు పెట్టే రోజుల్లో గూట్లో ఒక గుడ్డు వదిలేసి మిగతావి తీసేవాళ్లు. ఉన్నవన్నీ ఊడ్చి తీస్తే పెట్ట ఆ చోటును నమ్మదు, పక్కింటి గడ్డివామును చూసుకుంటుంది. తీసిన గుడ్లను తౌడు పోసిన కుండలో సన్న కొన కిందికి, లావు కొన పైకి ఉండేలా గుచ్చి పెట్టేవాళ్లు. లావు కొనలో గాలి గది ఉంటుంది, అది పైకి ఉంటేనే గుడ్డు నిలుస్తుంది. చలికాలంలో వారం, మహా అయితే పది రోజుల గుడ్లు పొదగేయొచ్చు. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు దాటినవి దండగ. మే నెలలో మన దగ్గర ఇంటి నీడలో కూడా 35 డిగ్రీలు పైనే ఉంటుంది. గుడ్డు 27 డిగ్రీలు దాటిన వేడిలో పడి ఉంటే పెట్ట కూర్చోకముందే లోపల పిండం కదలడం మొదలవుతుంది. పూర్తి వేడి అందక, ఎదిగీ ఎదగక అక్కడే చచ్చిపోతుంది. మురిగిన గుడ్లలో చాలా వాటి కథ ఇదే. ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండు మిరపకాయ పెట్టేవాళ్లు. పెడితే పోయేదేమీ లేదు. కానీ అసలు ఉపాయం చేసేవాళ్లు వేరే ఉండేవాళ్లు: చీకటి అర్రలో తడి ఇసుక మీద కుండ నిలిపి, చుట్టూ తడిగుడ్డ కట్టి, అందులో గుడ్లు పెట్టేవాళ్లు. వాళ్ల ఇంట్లోనే పిల్లలు ఎక్కువ లేచేవి. మట్టి అంటిన గుడ్డును మాత్రం కడగకూడదు. పెంకు మీద కంటికి కనపడని పొర ఉంటుంది, కడిగితే అది పోయి మురికి నీళ్లే పెంకు రంధ్రాల్లోంచి లోపలికి దిగుతాయి.

ఎన్ని గుడ్లు? "తొమ్మిదో, పదకొండో, పదమూడో పెట్టు, సరి లెక్క పెట్టకు" అనేవాళ్లు. బేసికి అర్థం లేదు గానీ పదమూడు దాటొద్దన్న మాటకు ఉంది. నాటు పెట్ట పొట్ట కింద పట్టేది అంతే. ఆశకు పోయి 16 పెడితే అంచున ఉన్న మూడు బయటపడి చల్లబడతాయి. పెట్ట ఊరుకోదు కదా, వాటిని ముక్కుతో లోపలికి లాక్కుని వేరే మూడింటిని బయటికి నెడుతుంది. ఇట్లా వంతులవారీగా తిరిగి తిరిగి గంపలో సగం గుడ్లు చెడతాయి. మూడు గుడ్ల ఆశ ఎనిమిది పిల్లల్ని తినేస్తుంది.

గంప అంటే ఎరుకల వాళ్లు ఈత బరిగెలతో అల్లినది. అడుగున బూడిద కలిపిన ఇసుక రెండు మూడు అంగుళాలు, దాని మీద వరిగడ్డి, గడ్డి కింద గుప్పెడు వావిలాకు. పాలమూరు గుట్టల దిక్కున వావిలికి బదులు సీతాఫలం ఆకు వేసేవాళ్లు. ఈ ఆకు సంగతి వట్టి నమ్మకం అనుకోవద్దు. పొదుగు మీద ఉన్న పెట్టకు పెద్ద శత్రువు పిల్లీ కాదు, కుక్కా కాదు, పేను. మూడు వారాలు కదలకుండా కూర్చున్న వంటికి పేన్లు పట్టి రాత్రంతా తినేస్తుంటే పదిహేనో రోజో పదహారో రోజో పెట్ట గుడ్లు వదిలి లేచిపోతుంది. "మీ కోడికి ఓపిక లేదు" అని తిట్టేవాళ్లు, పాపం. చేతిని గడ్డిలో పెట్టి నిమిషం ఉంచితే సన్నగా పాకుతున్నవి తెలుస్తాయి. సీతాఫలం గింజలు ఎండబెట్టి, దంచి, బూడిదలో కలిపి రెక్కల కింద, తోక మొదట్లో రాస్తే పేను చస్తుంది. ఆ పొడి కంట్లో పడితే మాత్రం మనిషికైనా కోడికైనా మంట మామూలుగా ఉండదు, చూపుకే ముప్పు. అందుకని తల దగ్గర రాయొద్దు, రాశాక చేతులు కడగకుండా మొహం తుడుచుకోవద్దు. మామూలు రోజుల్లో అయితే పొయ్యి బూడిద, మెత్తటి మన్ను కలిపి ఒక మూల గుంతలో పోసిపెడితే కోళ్లే పొర్లి పేన్లు దులుపుకుంటాయి.

మొదటి అంగడి దాటాక, అంటే ఏడు రోజులకు, గుడ్లు చూసే రాత్రి. చీకట్లో బ్యాటరీ లైటు మీద గుడ్డు లావు కొన ఆనించి పిడికిలి చుట్టి చూడాలి. ఇప్పుడు ఫోను లైటు చాలు. పిల్ల ఉన్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడు లాగా నలుదిక్కులా పాకి, నడుమ నల్లటి చుక్క ఒకటి ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది. తాలు గుడ్డు అయితే తెల్లారిన ఆకాశం లెక్క ఖాళీగా ఉంటుంది. నరాలు లేకుండా ఒక ఎర్రటి గీత ఉంగరం లాగా చుట్టి ఉంటే పిండం పుట్టి చచ్చిందని అర్థం, దాన్ని ఆ రాత్రే తీసెయ్యాలి. లేకుంటే గంపలో పగిలి మిగతా గుడ్లకు కంపు, క్రిమి రెండూ అంటిస్తుంది. తాలు గుడ్లు ఎక్కువ వస్తున్నాయంటే పెట్ట తప్పు కాదు, పుంజు చాలడం లేదని. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. ముసలి పుంజును ఇంటి గౌరవం కోసం ఉంచుకుంటే గుడ్లన్నీ తాలే.

పద్దెనిమిదో రోజు గోరువెచ్చటి నీళ్లలో గుడ్లు వేసి ఊగుతున్నాయా లేదా చూసేది కొందరు. ఊగినవి బతికినవి. ఈ పరీక్ష బాగానే పనిచేస్తుంది గానీ ఎక్కడైనా పెంకు చిట్లి ఉంటే నీళ్లు దిగి లోపల పిల్ల మునిగి చస్తుంది. లైటుతో చూడగలిగిన ఈ రోజుల్లో దాని జోలికి పోకపోవడమే మంచిది. ఇరవై ఒకటో రోజు పెంకుకు చిల్లు పడి గంటలు గడుస్తున్నా పిల్ల బయటికి రాకపోతే గోరుతో వొలిచే చేతులు ప్రతి వాడలోనూ ఉండేవి. వొలిస్తే నెత్తురు కారేది. పెంకు లోపలి పొరలో రక్తనాళాలు ఇంకా ఎండి ఉండవు, పచ్చసొన పూర్తిగా పొట్టలోకి పోయి ఉండదు. చిల్లు పడ్డాక పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై గంటలు కూడా పడుతుంది. వదిలేయాలి. ఆ లోపలికి పోయిన సొనే పిల్లకు దాదాపు రెండు రోజుల తిండి. హేచరీ వాళ్లు పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి నీళ్లు తిండి లేకుండా ఊళ్లకు ఊళ్లు పంపేది ఆ సొన భరోసా మీదనే.

అరుగు ముచ్చట్లలో అన్నిటికన్నా గొప్పది గుడ్డు మార్పిడి అనిపిస్తుంది. "మీ డేగ పుంజు గుడ్లు ఆరియ్యి, మా తెల్లపెట్టవి ఆరు తీస్కో." రుచి కోసమో, రంగు మీద మోజుతోనో మార్చుకున్నామనుకునేవాళ్లు. జరిగేది మాత్రం రక్తం మారడం. ఒకే ఇంటి పుంజు తన పిల్లలతోనే జతకడుతూ పోతే రెండు మూడు తరాలకు గుడ్లు పొదిగే శాతం పడిపోతుంది, పిల్లలు చిన్నవవుతాయి, రోగానికి ముందు రాలిపోతాయి. వాడంతా గుడ్లు మార్చుకున్నంత కాలం ఆ చిక్కు రాలేదు. ఇంకొకటి పాలుకు ఇవ్వడం. కోడి ఒకరిది, మేత, కాపలా ఇంకొకరివి, పిల్లలు చెరి సగం. బేసి పిల్ల మిగిలితే ఎవరిదన్న దాని మీద ఎంత మాటల యుద్ధం నడిచేదో!

పిల్లల మేతకు చెదల కుండ పెట్టేవాళ్లు. పగిలిన పాత కుండలో ఎండు పేడ, చిరిగిన గోనెసంచి ముక్కలు, చొప్ప పీచు కుక్కి, నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదలు తిరిగే చోట బోర్లించాలి. పొద్దున ఎండ పొడవకముందే లేపి దులపాలి, తెల్లటి చెదలు గుప్పెళ్లకొద్దీ రాలతాయి. ఎనిమిది గంటలు దాటాక లేపితే కుండ వేడికి అవి మళ్లీ మట్టిలోకి దిగిపోయి ఖాళీ పేడే మిగులుతుంది. ఒక్క జాగ్రత్త, ఇంటి దూలాలకు, తలుపు చట్రాలకు దగ్గర్లో ఈ పని పెట్టుకోవద్దు. వారం దాటిన పిల్లలకు నూకలతో పాటు ఈ చెదలు వేస్తే రెక్క ఈకలు ఎంత తొందరగా వస్తాయో చూసినవాళ్లకే తెలుసు. వట్టి నూకల్లో బలం ఉంటుంది గానీ మాంసం కట్టే సత్తువ తక్కువ. తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసిళ్లు కోళ్లకు పండగ.

ఇక సైకిలు మీద గంపల్లో గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగులు పూసిన కోడిపిల్లలు అమ్మొచ్చేవాళ్లు గుర్తున్నారా? పాత ఇనుప సామాను ఇచ్చినా పిల్లలు ఇచ్చేవాళ్లు. పిల్లలేమో సంబరపడేవాళ్లు, మూడో రోజుకు ఏడ్చేవాళ్లు. అవి గుడ్ల జాతి ఫారాల్లో పనికిరావని ఏరేసిన మగపిల్లలు. రంగు వల్ల చచ్చేవని అందరూ అనుకున్నారు. ఎక్కువగా చంపింది చలి. తల్లి రెక్క లేని పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. పాతిక పిల్లలకు 60 వాట్ల పాత రకం బల్బు ఒకటి, అడుగున్నర ఎత్తులో వేలాడదీస్తే సరిపోతుంది. పిల్లలన్నీ బల్బు కింద కుప్పపడితే చలి, గోడలకు అంటుకొని నోరు తెరిస్తే ఉడుకు, అంతటా పరుచుకొని పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది, ఎల్‌ఈడీ బల్బు వేలాడదీస్తారు. వెలుతురు బ్రహ్మాండంగా ఉంటుంది, వేడి ఉండదు. తెల్లారేసరికి పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి కిందివి ఊపిరాడక చచ్చి ఉంటాయి.

మూడు వారాల నుంచి ఆరు వారాల నడుమ పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే "వేడి చేసింది" అని సల్ల పోసేవాళ్లు. అది తడిసిన ఉనుకలో, అంటే గూట్లో పరిచిన వడ్ల పొట్టులో, పెరిగే క్రిమి. తొట్టి ఒలికి తడిసిన ఉనుక ఆ రోజే తీసేసి పొడి ఉనుక, చిటికెడు సున్నం వేస్తే సగం గెలిచినట్టు. మిగతా సగానికి పశువుల దవాఖానలో ఆంప్రోలియం పొడి అడిగి, వాళ్లు చెప్పిన మోతాదులో నీళ్లలో కలపాలి. ముంగిస, పిల్లి, గద్ద సంగతి అందరికీ తెలిసిందే. పిల్లల గంప పక్కన నల్లగుడ్డ కట్టినా గద్దకు రెండు రోజులే భయం.

పొద్దున కోళ్లను వదిలేముందు ముసలమ్మలు ఒక్కో పెట్టనూ చంకన పెట్టుకొని తోక కింద చిటికెన వేలు పెట్టి చూసేవాళ్లు. గుడ్డు గట్టిగా తగిలితే ఆ పెట్ట గంప కిందికి, లేకుంటే వాకిట్లోకి. ఊరంతా తిరిగి ఎవరి గూట్లోనో పెట్టి రాకుండా కాపలా అన్నమాట. లెక్క తప్పేది కాదు గానీ గోరు గీసుకుంటే లోపల పుండవుతుంది, పెంకు పలచగా ఉంటే గుడ్డు లోపలే చితికి పెట్ట పోతుంది. వేలు పెట్టకుండానే చూసే తీరు అంగట్లో కోళ్ల బేరగాళ్లకు తెలుసు. పెట్టను తిప్పి తోక కింద రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు ఆనిస్తారు. రెండు మూడు వేళ్లు పడితే గుడ్ల మీద ఉంది, ఒక్క వేలే పడితే ఆగిపోయింది లేదా ఇంకా మొదలే పెట్టలేదు. నెత్తి మీద జుట్టు ఎర్రగా, మెత్తగా ఉంటే ఇంకో సాక్ష్యం.

గుడ్లు తినే పెట్ట ఒకటి ప్రతి వాడలో ఉంటుంది. గుడ్డుకు చిల్లు పెట్టి సొన తీసేసి లోపల మిరప్పొడి నింపి పెట్టడం అరుగు మీద అందరూ చెప్పే మందు. నవ్వొచ్చే విషయం ఏమిటంటే పక్షులకు మిరపకాయ కారం తెలియదు. మిరప తోటలో చిలకలు పండు మిరపకాయలు ఎట్లా తింటాయో చూడలేదూ? ఆ పెట్ట మిరప్పొడి గుడ్డు కూడా ఇష్టంగా తిని మూతి తుడుచుకునేది. అలవాటుకు మూలం ఎక్కువసార్లు సున్నం కొరత. పెంకు పలచబడి గుడ్డు గూట్లో చిట్లుతుంది, ఒకసారి రుచి చూసిందంటే ఇక వదలదు. వేయించి మెత్తగా దంచిన గుడ్డు పెంకులు ఒక చిప్పలో విడిగా పెడితే అవసరమున్న పెట్టే వచ్చి తింటుంది. పెంకు ముక్కలు గుడ్డు ఆకారంలో కనిపించేలా మాత్రం వేయొద్దు, మనమే నేర్పినట్టవుతుంది.

గత్తర మాట వచ్చేసరికి అరుగు మీద గొంతులు తగ్గేవి. సంక్రాంతి దాటి ఎండలు ముదిరే రోజుల్లో ఒక ఇంట్లో కోడి రెక్కలు వేలాడేసి, మెడ లాగి నోరు తెరిచి గురగురమంటూ, ఆకుపచ్చగా పారుకుంటే వారం తిరిగేసరికి వాడ ఖాళీ. పుస్తకాల్లో కొక్కెర రోగం, రాణిఖేత్ రోగం అంటారు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించిన కొండ ఊరి పేరే దానికి మిగిలింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, వాము నూరి పోసేవాళ్లు. ఇది వైరస్, పట్టుకున్నాక మందు లేదు. ఆ కషాయంతో బతికిందనుకున్న కోడి పోయకపోయినా బతికేదే, బతికినా కొన్నిటికి మెడ మెలి తిరిగి అట్లాగే ఉండిపోతుంది. ఊళ్లో చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. గత్తర వచ్చిందని తెలియగానే మిగిలిన కోళ్లను గంపకెత్తి అంగడికి తీసుకుపోయేవాళ్లు. పైకి బాగున్న కోడి లోపల రోగం మోస్తూ చిట్యాల అంగట్లోనో, దేవరకద్ర అంగట్లోనో అమ్ముడుపోయి ఇంకో ఊరికి చేరేది. మూడంగళ్లలో పిల్లలు లేస్తే ఒక్క అంగడిలో గత్తర లేచేది. చచ్చిన కోడిని పెంటకుప్ప మీద పారేస్తే కుక్కలు ఊరంతా ఈడ్చేవి. రెండు మూడు అడుగుల గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి.

టీకా ఒక్కటే దారి. ఏడో రోజు లసోటా, కంట్లో ఒక చుక్క. నాలుగో వారంలో ఇంకోసారి. ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ సూది, చర్మం కింద అర మిల్లీలీటరు. దానికి వారం ముందు నట్టల మందు పోస్తే టీకా బాగా పడుతుంది. ఇబ్బంది ఎక్కడంటే సీసా వంద కోళ్లకు వస్తుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, ఆ రెండు గంటలూ మంచు మీదే ఉండాలి. ఆరు కోళ్లున్న ఇల్లు ఒక్కటే సీసా తెస్తే తొంభై నాలుగు చుక్కలు నేలపాలు. ఇక్కడే అరుగు ముచ్చట పనికొచ్చేది. ముందు రోజు సాయంత్రమే "రేపు పొద్దుగాల కోళ్లను ఇడవకుండ్రి" అని ఇంటింటికీ మాట పోవాలి. గూట్లో ఉండగానే తెల్లవారుజామున పట్టుకుంటే వాడ మొత్తం గంటన్నరలో అయిపోతుంది. వదిలాక పట్టుకుందామంటే గోడలెక్కి పరుగులే. నీళ్లలో కలిపే టీకా అయితే నల్లా నీళ్లు వాడొద్దు, వాటిలోని బ్లీచింగు టీకాను చంపేస్తుంది. బావి నీళ్లు తెచ్చి లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపాలి. జుట్టు మీద, కళ్ల చుట్టూ కురుపులు లేస్తే "పోచమ్మ పోసింది" అని పసుపు, వేపాకు నూరి పూసేవాళ్లు. ఆ పూత వైరస్‌ను ఏమీ చేయదు గానీ ఈగలు వాలకుండా, పుండు చీము పట్టకుండా కాపాడుతుంది. రెండు మూడు వారాల్లో దానంతటదే ఎండిపోతుంది. కళ్లు మూసుకుపోయిన కోడికి చేత్తో తినిపించి నీళ్లు పట్టాలి. ఆకలికే ఎక్కువ చస్తాయి.

బాతుల ముచ్చట కోళ్లంత పాతది కాదు. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హాలియా దిక్కు వరి పెరిగింది. కోతలైన మడుల్లోకి బాతుల మందలు తోలుకొచ్చేవాళ్లు మొదలయ్యారు. రాలిన వడ్లు, నత్తలు, పురుగులు ఏరుకుంటూ వందల బాతులు మడి నుంచి మడికి బురదలో జరుగుతుంటే ఊరి పిల్లలు గట్ల మీద నిలబడి చూసేవాళ్లు. రాత్రి వల కట్టి అందులో మలేసేవాళ్లు, పొద్దున వల తీసేసరికి నేలంతా గుడ్లు. ఆ గుడ్లు కొని నాటు పెట్ట కింద పెట్టడం అట్లా అలవాటయింది. మంద బాతులు ఎక్కువగా పొదుగు మీద కూర్చోవు, కోడే దిక్కు.

నాటు పెట్ట కింద ఏడెనిమిది బాతు గుడ్లు పడతాయి. అప్పుడే పొదుగుకు వచ్చిన పెట్టే కావాలి, ఇప్పటికే వారం నుంచి ఖాళీ గూట్లో కూర్చున్నది ఇంకో నాలుగు వారాలు ఆగదు. కోడి గుడ్లు, బాతు గుడ్లు ఒకే నాడు కలిపి పెడితే మూడో అంగడికి కోడిపిల్లలు లేస్తాయి, పెట్ట వాటిని తీసుకొని వాకిట్లోకి పోతుంది, బాతు గుడ్లు లోపల పిల్లలతో సహా చల్లబడిపోతాయి. తెలిసినవాళ్లు మొదటి అంగడి నాడు బాతు గుడ్లు, రెండో అంగడి నాడు కోడి గుడ్లు పెట్టేవాళ్లు. అన్నీ ఒకేసారి లేచేవి. బాతు అయితే నీళ్లలోంచి తడి పొట్టతో వచ్చి కూర్చుంటుంది, కోడి పొట్ట పొడి. అందుకని చివరి మూడు రోజులు గోరువెచ్చటి నీళ్లు గుడ్ల మీద చిలకరించాలి. లేకుంటే లోపలి పొర తోలు లాగా బిగిసి పిల్ల బయటపడలేదు.

లేచిన బాతుపిల్లలు నాలుగో రోజుకే చెరువు కట్ట దిగి నీళ్లలో పడితే పెంపుడు తల్లి గట్టు మీద అటూ ఇటూ ఉరుకుతూ అరిచే అరుపు చూసి అందరూ నవ్వేవాళ్లు. ఆ అరుపులో కొంత నిజం ఉంది. బాతు తల్లి ఒంటి నూనె పిల్లల నూగుకు అంటి నీళ్లు దిగనివ్వదు. కోడి కింద లేచిన పిల్లకు ఆ నూనె ఉండదు, నూగు తడిసి ముద్దయి చలికి చస్తుంది. మూడు వారాల దాకా ఈత వద్దు. తాగే గిన్నె మాత్రం ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి, లేకుంటే తౌడు ముక్కులో గట్టిపడి కళ్లు అంటుకుంటాయి. మేత కూడా తడిపిందే వేయాలి, పొడి తౌడు గొంతుకు అడ్డం పడుతుంది.

బాతును కాళ్లు పట్టి లేపొద్దు. కోడికి అలవాటైన చేయి అక్కడే పోతుంది, బాతు కాలు పుటుక్కున విరుగుతుంది. మెడ మొదట్లోనో, రెక్కల మొదట్లోనో పట్టాలి. గూడు తలుపు వెడల్పుగా ఉండాలి, అన్నీ ఒకేసారి తోసుకొస్తాయి. కోళ్లకు దండెం కావాలి, వీటికి నేల మీద నాలుగు అంగుళాల ఉనుక చాలు, తడిసినప్పుడల్లా పైన కొత్తది పోయాలి. గుడ్లన్నీ తెల్లవారుజామున పెడతాయి కాబట్టి ఎనిమిది తొమ్మిది గంటల దాకా వదలకపోతే గుడ్డు గూట్లో, తొందరపడితే చెరువు పాలు.

బాతుకు గత్తర రాదని అరుగు మీద గొప్పగా చెప్పేవాళ్లు. రావడం అరుదే గానీ అది రోగాన్ని మోసుకొచ్చి కోళ్లకు అంటించగలదు, రాత్రి గూడు వేరుగా ఉండాలి. బాతును చంపేది పల్లి చెక్క. పాలమూరు దిక్కు పల్లి పీకే వేళ వాన పడి కాయకు బూజు పట్టి, ఆ పల్లితో గానుగాడిన చెక్క చౌకగా వస్తుంది. ఆ బూజు విషాన్ని కోడి కొంత తట్టుకుంటుంది, బాతు అసలు తట్టుకోదు, కాలేయం చెడి రోజుల్లో పోతుంది. కోళ్లు తిని బాగున్నాయి కదా అని అదే చెక్క వేసి "దిష్టి తగిలింది" అనుకున్న ఇళ్లు ఎన్నో. బూజు పట్టిన మక్కలూ అంతే. వరి మడిలో గుళికల మందు చల్లారో లేదో అడగకుండా బాతుల్ని తోలితే సాయంత్రానికి ఒక్కటి మిగలదు. ఎండాకాలం చెరువు ఎండి చచ్చిన చేపలు కుళ్లిన బురదలో తిరిగిన బాతు మెడ తాడు లాగా వాలిపోతే, అది రోగం కాదు, ఆ కుళ్లులోని విషం. నీడలో పెట్టి మంచి నీళ్లు చుక్క చుక్క పట్టిస్తే కొన్ని లేస్తాయి.

ఇక పెట్ట కనపడకపోతే. కాలి గోరు కత్తిరించిన గుర్తు, కాలికి కట్టిన ఎర్రగుడ్డ చెప్పుకుంటూ వాడంతా తిరిగి, ఎవరూ పలకకపోతే నడి వాకిట్లో నిలబడి మన్నెత్తి పోసి శాపనార్థాలు పెట్టేవాళ్లు. దొరకని పెట్టల్లో చాలా భాగం ఏ గడ్డివాములోనో గుడ్ల మీద కూర్చున్నవే. గుడ్లు పెట్టే రోజుల్లోనే దాని దొంగ గూడు కనిపెట్టే తీరు ఒకటుంది. పొద్దున గంప కింద మూసి, పది పదకొండు దాకా వదలొద్దు. గుడ్డు తోసుకొస్తుంటే గంప లోపల చుట్టూ తిరుగుతూ సన్నగా కూస్తుంది. అప్పుడు గంప లేపి పది అడుగుల దూరం నుంచి వెనక పోవాలి. మామూలుగా అయితే మనిషిని చూసి దారి మార్చే పెట్ట, అప్పుడు మాత్రం పక్కకు చూడదు, సూటిగా పోయి వాములో దూరుతుంది. ఒకవేళ అప్పటికే పొదుగు మీద పడి మాయమైతే ఎవరినీ తిట్టకుండా అంగళ్లు లెక్కపెట్టుకోవాలి. మూడోది దాటాక ఏదో ఒక పొద్దున పది పిల్లల్ని ఏసుకొని గడపలోకి వస్తుంది. ఆ పిల్లల్లో నాలుగింటికి మెడ మీద ఈకలు లేకపోతే, పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి అడిగే మొదటి మాట ఒకటే:

"గవి మా బోడిమెడ పుంజు పిల్లలు గాదా వదినె? మరి మా పాలేది?"